బావకి నేనివ్వని సగం

కలకత్తా పక్కనున్న లిలువా రైల్వే కాలనీ తెలుగువాళ్ళలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూ ఉంది. రమణకి లివరు పాడైపోతే ఎక్కడిదో కొత్త మాత్ర మింగి బాగుపడ్డాడని. ఆ మాట పుట్టించింది నేనే. మైకు పట్టుకుని మరీ పుట్టించాను. అది నిజం కాదు. అసలు నిజం దానికంటే చాలా బాగుంటుంది. దాన్ని చెప్పాలంటే సిగ్గుగానూ ఉంది, ఎప్పుడెప్పుడు చెబుదామా అని ఆత్రంగానూ ఉంది. అందుకే నోటితో చెబితే నమ్మనివాళ్ళ కోసం ఇలా రాస్తున్నాను.

ఎండలు ముదిరిన నెల

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి లిలువా వర్క్‌షాపులో చేరాడు. నేనూ అక్కడే ఫిట్టర్ని. రైలుపెట్టెల బ్రేకులు విప్పి బాగుచెయ్యడం నా పని. బెంగాల్లో ఎర్రజెండా ప్రభుత్వం ముప్ఫయ్యేళ్ళకి దగ్గరపడుతున్న రోజులవి. నాకు నలభై దాటి కొన్నేళ్ళయింది, పొట్ట చొక్కా గుండీలతో పోట్లాడుతోంది. అంతకుమించి నాకే జబ్బూ లేదనుకునేవాణ్ణి.

ఏటా చేసే వైద్యపరీక్షలో రక్తం తీశారు. రైల్వే డాక్టరు మళ్ళీ పిలిపించి అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకెంత తాగుతావు?"

నేను జన్మలో చుక్క ముట్టలేదు. అదే చెప్పాను.

"చెప్పవయ్యా, నేనేమైనా మీ ఆవిడనా?" అని నవ్వాడాయన.

లివరు చెడిందంటే తాగుబోతే అని లోకం తీర్మానం. సాయంత్రానికల్లా కాలనీకి తెలిసిపోయింది. మా ఆవిడ సత్యవతి గుమ్మంలోనే నన్ను ఆపేసింది.

"ఏదీ, ఊదు."

"సత్యం, నాను తాగనేదే!"

"ఊదమన్నాను గదా."

ఊదాను. ఆవిడ ముక్కు చిట్లించింది. "బజ్జీల కంపు తప్ప ఇంకేటీ నేదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

నా రోగం పేరు ఆ గుమ్మంలోనే బయటపడిందని మాకిద్దరికీ తెలియదు. పొద్దున్న వర్క్‌షాపు గేటు ముందు మరమరాలు, వేడివేడి బజ్జీలు. మధ్యాహ్నం గుట్టగా అన్నం. సాయంత్రం మిఠాయి కొట్టు. ఇది నేను ఇరవయ్యేళ్ళుగా నెరవేరుస్తున్న దినచర్య.

రైల్వే డాక్టరు దక్షిణ కలకత్తాలో ఒక పెద్ద ఆసుపత్రికి పంపాడు. అక్కడి వరండా బెంచీ మీద కూర్చున్నవాళ్ళందరం ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకునేవాళ్ళం. ప్రేమతో కాదు. ఎవరి కళ్ళు ఎంత పచ్చబడ్డాయో కొలుచుకోడానికి. నాకంటే పచ్చగా ఉన్నవాణ్ణి చూస్తే కాస్త ధైర్యం వచ్చేది. వెంటనే, ఇలాంటి ధైర్యం తెచ్చుకున్నందుకు నామీద నాకే అసహ్యం వేసేది.

డాక్టర్ మిత్ర యాభై ఏళ్ళావిడ. మెల్లగా మాట్లాడతారు. మా మాటలన్నీ బెంగాలీలోనే సాగేవి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మీ లివరుకి కొవ్వు పట్టింది. అది మామూలే, చాలామందికి పడుతుంది. కానీ మీకు కొవ్వు పట్టినచోట మచ్చలు కూడా కడుతున్నాయి. దెబ్బ మానినచోట చర్మం గట్టిపడుతుంది చూడండి, అలాగ. ఇలాగే సాగితే లివరు మొత్తం గట్టిపడిపోతుంది. అప్పుడిక వెనక్కి తేలేం."

"మందు రాయండి డాక్టరుగారూ."

"దీనికంటూ మందు ఇంకా లేదు" అన్నారావిడ.

ఆ రోజు లోకల్ రైల్లో ఇంటికి వస్తుంటే పెట్టె కింద బ్రేకు బిగుసుకున్న చప్పుడు వినపడింది. ఏ భాగం మార్చాలో నాకు కూర్చున్నచోటునుంచే తెలుసు. నాలోపల బిగుసుకుంటున్నదానికి మార్చే భాగం లేదు. సత్యవతి కిటికీలోంచి బయటికి చూస్తూ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. పదిమందిలో ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

రథయాత్ర తరవాత

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టర్ మిత్ర ఒక కబురు చెప్పారు. ఈ జబ్బుకి ఒక కొత్త మందు తయారవుతోంది. అది పనిచేస్తుందో లేదో చాలా ఊళ్ళలో పరీక్షిస్తున్నారు, ఈ ఆసుపత్రిలో కూడా. ఒప్పుకుంటే నన్ను చేర్చుకుంటారు. కొందరికి అసలు మందు, కొందరికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర. ఎవరికి ఏది వచ్చిందో మింగేవాడికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. ట్రయల్ అంటే అది.

ఆవిడ అరటిపండు ఒలిచినట్టు చెప్పారు. నేను మూడొంతులు విన్నాను. ఆ మిగిలిన వంతు వినకపోవడం వల్లే ఈ కథ.

నాకు ఒళ్ళు తెలియలేదు! దేశాలన్నీ వెతుకుతున్న మందు, ఇంకా కొట్లో దొరకని మందు, బ్రేకులు బిగించే నా చేతికి రాబోతోంది. చేర్చుకునేముందు పక్కటెముకల మధ్యనుంచి సూది దించి లివరు ముక్క తీశారు. సూది దిగింది పక్కలోనైతే నొప్పి కుడి భుజంలో తెలిసింది, ఎవరో భుజం మీద సుత్తితో కొట్టినట్టు. ఆ తరవాత కదలకుండా పడుకోమన్నారు. పైకప్పు చూస్తూ నవ్వుకుంటున్నాను. నర్సు కంగారుపడి, "ఏమైంది దాదా?" అని రెండుసార్లు అడిగింది.

ట్రయల్ పనులు చూసే శర్మిష్ఠ అనే అమ్మాయి మా ఇద్దరినీ కూర్చోబెట్టుకుంది. నేనేం తింటానో అడిగింది. సత్యవతి నాకంటే ముందే మొత్తం ఏకరువు పెట్టేసింది. శర్మిష్ఠ బల్లమీద ఒక ఖాళీ ప్లేటు పెట్టి వేలితో గీత గీసింది. "ఈ సగం కూరగాయలు. ఇక్కడ పప్పో, చేపో. ఈ మూల అన్నం. ఇంతే. నూనెలో వేయించినవీ, మిఠాయీ మానెయ్యాలి. రోజూ చెమట పట్టేలా నడవాలి. మాత్రతోపాటు ఇది అందరికీ చెబుతున్నాం రమణదా, ఎవరికి ఏ మాత్ర వచ్చినా."

తరవాత తెల్లటి సీసా ఇచ్చింది. రోజుకొక మాత్ర. మళ్ళీ వచ్చేటప్పుడు మిగిలినవాటితోసహా సీసా తేవాలి. ఇంకెవరికీ ఇవ్వకూడదు. చొక్కాజేబులో పెట్టుకోమని చిన్న కార్డు కూడా ఇచ్చింది. అత్యవసరమైతే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో అందులో ఉంది.

ఆ కార్డు వర్క్‌షాపులో చూపించని మనిషి లేడు. మా సెక్షను పెద్ద చార్జ్‌మన్ దాన్ని తిరగేసి చూసి, "ఏటి రమణా, సెంద్రుడి మీదకి పంపుతున్నారేటి నిన్ను?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. నిజంగానే రాకెట్టు ఎక్కినట్టుంది నాకు.

అసలు మందే నాకొచ్చిందని మొదటి రోజే నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటే, మాత్ర మింగాక నోరు చేదుగా అనిపించింది. ఆకలి తగ్గింది. ఒళ్ళు తేలికయింది. ఇంకేం కావాలి రుజువు?

ఆ ఉత్సాహంలో శర్మిష్ఠ చెప్పినవన్నీ చేశాను. మందు ఎలాగూ పనిచేస్తోంది, నేనూ ఒక చెయ్యి వేస్తే ఇంకా తొందరగా తగ్గుతుంది కదా అని. మా ఇంట్లో స్టీలు కంచానికి సత్యవతి నెయిల్‌పాలిష్‌తో గీత గీసేసింది. సాయంత్రాలు కొంగు బొడ్లో దోపుకుని నాకంటే నాలుగడుగులు ముందు నడిచేది. వర్క్‌షాపు గోడ వెంబడి, లెవెల్ క్రాసింగు దాటి, బేలూరు మఠం వైపు రోడ్డు పట్టి వెళ్ళేవాళ్ళం. బజ్జీల బండి దగ్గరికి రాగానే వెనక్కి చూడకుండానే అరిచేది, "కళ్ళు ఇటెట్టు!"

పెళ్ళయినప్పటినుంచీ మేమిద్దరం అంతసేపు మాట్లాడుకున్నది లేదు. మాట్లాడుతూ నడిచాం, పోట్లాడుతూ నడిచాం, వాన పడితే గొడుగు కింద నడిచాం. ఇదంతా మాత్ర మహిమే అనుకున్నాను.

బావ

సత్యవతి అన్న అప్పలస్వామి. కలకత్తాలో ఏక్‌బాల్‌పూర్ అనే పేటలో ఉంటాడు, కార్పొరేషన్ డ్రైనేజీ పనిలో దినకూలీ. మేం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. నాకు సొంత అన్నదమ్ములు లేరు. ఆ లోటు నాకెప్పుడూ తెలియకుండా చేసింది బావే.

ఆ వానాకాలంలోనే బావకి కాళ్ళు ఉబ్బాయి. నాదే జబ్బు, ఇంకా ముదిరింది. పైగా చక్కెర జబ్బు. వాణ్ణి నేనే డాక్టర్ మిత్ర దగ్గరికి లాక్కెళ్ళాను, "ఈయన్ని కూడా ట్రయల్లో వెయ్యండి" అని.

ఆవిడ పరీక్షించి తల అడ్డంగా ఊపారు. "ఈయనది ట్రయల్‌కి తీసుకునే హద్దు దాటిపోయింది. ముందు గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళి గొంతులోంచి కెమెరా గొట్టం వేసి చూపించుకోండి. లివరు గట్టిపడితే అన్నవాహికలో నరాలు ఉబ్బుతాయి. అవి పగలకముందే కట్టెయ్యాలి. ఆలస్యం చెయ్యకండి."

బయటికొచ్చాక బావ మెట్లమీద కూలబడ్డాడు. "నీకైతే మందు, నాకైతే గొట్టం. రాసిపెట్టుండాల బావా."

ఇక్కడ మా కాలనీ సంగతొకటి చెప్పాలి. రైల్వే ఆసుపత్రి మాత్ర మా దగ్గర ఎప్పుడూ ఒక్కరి కోసం రాదు. మాకు మెడికల్ కార్డు ఉంది. ఏక్‌బాల్‌పూర్‌లోనో మెటియాబ్రుజ్‌లోనో ఉన్న మావాళ్ళకి లేదు. అందుకని మాకిచ్చిన మందులో సగం వాళ్ళకి వెళుతుంది. ప్రతి ఇంట్లో ఖాళీ హార్లిక్స్ సీసా ఒకటుంటుంది, అందులో చక్కెర మాత్రలు, గ్యాసు మాత్రలు, జ్వరం మాత్రలు. ఆదివారం చుట్టాలొస్తే కాఫీ ఇచ్చినంత మామూలుగా ఆ సీసా మూత తీస్తారు. పంచనివాణ్ణి పిసినారి అంటారు. మా నాన్న పంచాడు, నేను పంచాను. అది తప్పని ఎవరూ అనుకోలేదు. అనుకుంటే మా సగంమంది చుట్టాలు ఎప్పుడో పోయేవాళ్ళు.

ఆ మెట్లమీదే నేను బావ చెవిలో అన్నాను, "నా మాత్ర ఉంది గదా. ఒకరోజు నాను, ఒకరోజు నువ్వు."

బావ నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేను. తప్పిపోయినవాడికి దారి కనపడితే అలా చూస్తాడు.

అప్పటినుంచి సత్యవతి ప్రతి ఆదివారం కాగితం పొట్లంలో మాత్రలు కట్టి పట్టుకెళ్ళేది. మొదట్లో ఒకసారి సంశయించింది. "ఆ డాక్టరమ్మకి ఒక మాట సెప్పి ఇద్దుమా?"

"సెప్తే ఇవ్వనిస్తాదేటి?" అన్నాను. ఆవిడ పొట్లానికి దారం చుట్టేసింది.

శర్మిష్ఠ దగ్గరికి ఖాళీ సీసా తీసుకెళ్ళేవాణ్ణి. "ఒక్కటి కూడా వదల్లేదు" అని చెప్పేవాణ్ణి. ఆ అమ్మాయి మురిసిపోయి, "మీలాంటి పేషెంటు ఒక్కరుంటే చాలు రమణదా" అనేది. నేనూ మురిసిపోయేవాణ్ణి! అదీ నా సంగతి.

బావ భార్య పైడమ్మ కెమెరా పరీక్ష గురించి గుర్తు చేసినప్పుడల్లా బావ ఒకటే మాట. "బావ మాత్రుండగా గొట్టాలు మింగడానికి నానేటి పిచ్చోడినా?" నేను అక్కడే కూర్చుని ఉండేవాణ్ణి. నవ్వేవాణ్ణి. ఒక్కసారి కూడా "వెళ్ళి చూపించుకో" అనలేదు. అంటే నా మాత్రని నేనే తక్కువ చేసినట్టవుతుందని అనిపించింది కాబోలు.

విశ్వకర్మ పూజ

పూజ ముందు వారం నా రక్తపరీక్ష వచ్చింది. డాక్టర్ మిత్ర కాగితం చూసి కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "చాలా బాగుంది" అన్నారు. "బరువు తగ్గింది. లివరు వాపు బాగా తగ్గింది. ఏం చేస్తున్నారో అలాగే చెయ్యండి."

నేను మెట్లు దిగలేదు, దూకాను! రోడ్డుమీద ముక్కూ ముఖం తెలియని పల్లీలవాణ్ణి కావలించుకున్నాను.

విశ్వకర్మ పూజ రోజు వర్క్‌షాపు గేట్లు ఇంటివాళ్ళందరికీ తెరుస్తారు. యంత్రాలకి పువ్వులు, మామీద ఆకాశం నిండా గాలిపటాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా తెలుగువాళ్ళు మైకులో ఒకరి తరవాత ఒకరు పాటలు, కబుర్లు. నేను మైకు లాక్కుని చెప్పాను. మందు లేని జబ్బుకి మందొచ్చిందని, దాన్ని కలకత్తాలో మొదట మింగినవాళ్ళలో లిలువా ఫిట్టర్ ఒకడున్నాడని, నాకు తగ్గిపోయిందని. చప్పట్లు మోగాయి. బావ జనంలోంచి లేచి నిలబడి, చేతులు పైకెత్తి మరీ కొట్టాడు. అప్పటికే వాడి చెంపలు లోపలికి పోయాయి. నేను చూశాను. చూసి మైకులో ఇంకా గట్టిగా మాట్లాడాను.

బంద్ రోజు

చలికాలం వచ్చింది. ఒక బంద్ ముందురోజు మేం ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాం. కలకత్తాలో బంద్ అంటే పండగ సెలవే. "రేపు రైళ్ళు తిరగవు, ఉండిపోండి" అంది పైడమ్మ. ఉండిపోయాం.

పొద్దున్న రోడ్డంతా క్రికెట్టు. మంచాలు బయటేసుకుని పెద్దవాళ్ళు ఎండ కాగుతున్నారు. బావ నా పక్కన కూర్చుని బంతి వైపు చూస్తున్నాడు. "అదుగో, ఆడు అవుటు" అని లేచాడు. రెండడుగులు వేసి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. నల్లగా ఉంది. తరవాతది ఎర్రగా ఉంది. ఆట ఆగిపోయింది.

పక్కింటాయన తన మూడుచక్రాల తొక్కుడుబండి, వ్యాన్ రిక్షా తీశాడు. చెక్కమీద బావని పడుకోబెట్టి దుప్పటి కప్పాం. పైడమ్మ బావ తల ఒళ్ళో పెట్టుకుంది. నేనూ సత్యవతీ వెనకనుంచి తోస్తూ పరిగెత్తాం. పెద్దరోడ్డు మలుపులో వెదురు అడ్డం కట్టి జెండాలు పాతారు. కోతిటోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన చెయ్యి అడ్డుపెట్టాడు.

"బంద్ దాదా. బండి వెళ్ళదు."

సత్యవతి దుప్పటి తొలగించి చూపించింది. ఆయన ఒక్క క్షణం చూశాడు. వెదురు తానే ఎత్తేశాడు. ఎత్తి ఊరుకోలేదు, వ్యాన్ ముందు పరిగెత్తాడు. "షోరే జాన్! షోరే జాన్!" తప్పుకోండి తప్పుకోండని అరుచుకుంటూ, ఆ తరవాత వచ్చిన ప్రతి అడ్డూ తానే ఎత్తుతూ గవర్నమెంటు ఆసుపత్రి గేటుదాకా వచ్చాడు. తిరిగి చూసేసరికి లేడు. పేరు కూడా అడగలేదు మేం.

ఎమర్జెన్సీలో చిన్న వయసు డాక్టరు ఒకడు బావకి సెలైన్ ఎక్కిస్తూ, రక్తం కోసం మనిషిని పంపుతూ, గబగబా అడిగాడు. "ఏం మందులు వాడుతున్నాడు?"

పైడమ్మ నావైపు చూసింది. ఆవిడకి మాత్ర పేరు తెలియదు. నాకూ తెలియదు. దానికింకా పేరే లేదు.

"చక్కెర మాత్రలు" అన్నాను.

"ఇంకా?"

నిజం చెబితే నన్ను ట్రయల్లోంచి తీసేస్తారు. నా మందు ఆగిపోతుంది. నా లివరు మళ్ళీ గట్టిపడుతుంది. ఆ ఒక్క క్షణంలో నేను ఆలోచించింది నా గురించే. రాయకుండా దాటెయ్యాలనిపించింది, రాస్తున్నాను.

సత్యవతి తెలుగులో, గొంతు పెంచకుండా అంది, "సెప్పు. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను."

చెప్పాను. జేబులోంచి కార్డు తీసి ఇచ్చాను. వర్క్‌షాపంతా తిప్పి చూపించిన కార్డు. ఆ డాక్టరు నన్ను తిట్టడానికి కూడా ఆగలేదు. వార్డు ఫోనుకి పరిగెత్తాడు, ఒక నిమిషం మాట్లాడి రిసీవరు నా చెవిదగ్గర పెట్టాడు.

అటునుంచి డాక్టర్ మిత్ర గొంతు. "ఎన్నాళ్ళనుంచి ఇస్తున్నారు?"

"వానాకాలంనుంచి."

"ఫోన్ దగ్గరే ఉండండి. మీ సీసాలో ఏముందో రహస్యంగా దాచిన కాగితం తెరిపించి చెబుతాను."

ఆ ఎదురుచూపు నా జబ్బు మొత్తంలోకీ పెద్దది. ఆ మందు రక్తం కారేలా చేస్తుందేమో. నా చేత్తోనే బావని చంపుకున్నానేమో. గోడకి ఆనుకుని ఫోన్‌ని చూస్తూ నిలబడ్డాను. మోగింది.

"రమణబాబూ, మీ సీసాలో మందు లేదు. ఉత్త మాత్రలు. ఆ డాక్టరుకి చెప్పండి, దానివల్ల భయమేమీ లేదని. తొందరగా కెమెరా వేసి నరాలు కట్టమనండి."

ఫోన్ పెట్టేసి "మందు నేదు! మందు నేదు సత్యం!" అని అరిచాను. వార్డులో అందరూ పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. మందు లేదని అంత సంబరపడ్డవాడు ఆ ఆసుపత్రిలో ఎవడూ ఉండడు.

బావ గొంతులోకి గొట్టం దింపి, పగిలిన నరాలకి రబ్బరు కట్లు వేశారు. సాయంత్రానికి రక్తం ఆగింది. కళ్ళు తెరిచి నన్ను చూసి పెదాలు కదిపాడు. దగ్గరికి వంగాను.

"ఆడు అవుటే గదా?" అన్నాడు.

ఆ తరవాత

డాక్టర్ మిత్ర గది బయట అదే బెంచీ మీద కూర్చున్నాను. ఈసారి ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

లోపల శర్మిష్ఠ కూడా ఉంది. నన్ను చూసి తల దించుకుంది. అది తిట్టుకంటే పదునుగా తగిలింది.

"మీరు ఇంక ట్రయల్లో ఉండరు" అన్నారు డాక్టర్ మిత్ర. "మీ వివరాలు ఇక నమ్మడానికి లేదు. మీకిచ్చింది ఉత్త మాత్రే కాబట్టి సరిపోయింది. అదే అసలు మందయ్యుంటే? సగం మింగి మొత్తం మింగానని మీరు చెబితే, పనిచేసే మందుని పనిచెయ్యదని మేం పారేసేవాళ్ళం. మీ వెనకాల ఈ బెంచీ మీద కూర్చోబోయేవాళ్ళు ఎంతమందో."

అంతవరకూ నాకు తట్టని మాట అది. బావకి నేను చేసింది ఒక ద్రోహం. నేనెప్పుడూ చూడబోని మనుషులకి చేసింది ఇంకొకటి. క్షమించమన్నాను. ఆవిడ నా ఫైలు మూసి పక్కన పెట్టారు.

లేవబోతూ అడిగాను. "మరి మందే లేకపోతే నాకెలా తగ్గింది డాక్టరుగారూ?"

జవాబు శర్మిష్ఠ చెప్పింది. తలెత్తి, కళ్ళలో నీళ్ళతో, కొంచెం కోపంగా. "ప్లేటు మీద గీత ఎవరు గీశారు రమణదా? రోజూ ఎవరు నడిచారు? మీరూ, సత్యవతి బౌదీ. మీ లివరుని మీరే బాగుచేసుకున్నారు. మచ్చలు కట్టిన లివరు కూడా కొంత వెనక్కి వస్తుంది, ఇలాగే." ఆగి అడిగింది. "మీ బావగారికి మాత్రలు ఇచ్చారు. గీత గీసి ఇచ్చారా?"

లేదు.

ఇవ్వలేదు. ఒక్కసారి కూడా. ఆదివారాలు మేం ఏక్‌బాల్‌పూర్ వెళితే పైడమ్మ మాకోసం పూరీలు వేయించేది. నేను రెండు తిని లేచేవాణ్ణి, బావ పది తినేవాడు. "నీకెలాగూ మాత్రుంది గదా, తిను" అని నేనే అన్నాను ఒకసారి. నా దగ్గర రెండు సగాలున్నాయి. పనిచెయ్యని సగాన్ని పొట్లం కట్టి ప్రేమగా పంచాను. పనిచేసే సగాన్ని ఇంట్లో ఉంచుకున్నాను. పంచవలసిన వస్తువని నాకు తోచనేలేదు, అది సీసాలో రాలేదు కాబట్టి.

లోకల్ రైల్లో కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే ఇంకోపక్క గుండె ఎగిరిపడుతోంది! మార్చే భాగం లేదనుకున్నాను కదా. ఉంది. అది నా కాళ్ళ కిందే ఉంది. ఏ దేశంనుంచీ రానక్కర్లేదు. లిలువాలో దిగి ఇంటికి వెళ్ళలేదు, సత్యవతిని రమ్మని కబురుపెట్టాను. ఇద్దరం అటునుంచటే బేలూరు రోడ్డు పట్టాం.

మరుసటి ఏడు విశ్వకర్మ పూజకి మళ్ళీ మైకు అడిగాను. మాత్రలో ఏమీ లేదని, నా సంగతీ, బావ సంగతీ మొత్తం చెప్పాను. జనం ముభావంగా విన్నారు. దిగాక చార్జ్‌మన్ నవ్వుతూ భుజం తట్టాడు. "మందు అయిపోయిందని సెప్పొచ్చు గదేటి? ఇంత కతెందుకు?" ఇంకొకాయన, నేను సీసాలు అటకమీద దాచేశానని ఇప్పటికీ నమ్ముతున్నాడు. అందుకే ఇంత రాయవలసి వచ్చింది.

ఒక మాట మాత్రం పొరపాటుగా అర్థం చేసుకోకండి. ట్రయల్ మోసం కాదు. నాకు ముందే చెప్పారు, నేను వినలేదు. ఆ తరవాత మా వర్క్‌షాపులో కుర్చీలు అల్లే పనిచేసే ఒకాయన ఇలాంటి ఇంకో ట్రయల్లో చేరాడు. ఆయనతోపాటు ఆ వరండాకి నేనూ వెళ్ళాను. శర్మిష్ఠ నన్ను చూసి కుర్చీ చూపించింది. ఆ రోజు నాకు మందు దొరికినంత ఆనందమైంది. దారిలో ఆయనకి చెప్పాను, "సీసా నీ ఒక్కడిదే. అన్నం కంచం మాత్రం వాడవాళ్ళందరికీ చూపించు." ఎక్కడో, ఎవరో, ఒక మాత్ర కనిపెట్టే తీరతారు. ఆ రోజు కోసం నేను ఎంత ఎదురుచూస్తున్నానో చెప్పలేను. అప్పుడు ఆ మాత్ర వెనక, నిజం చెప్పిన మామూలు మనుషులుంటారు. వాళ్ళలో నేను లేను.

ఇప్పుడు మా ఇళ్ళలో హార్లిక్స్ సీసాలు అలాగే ఉన్నాయి, కాకపోతే ఎవరైనా మూత తీయబోతే సత్యవతి, "డాక్టరు సూసేరా?" అని అడుగుతుంది. పైడమ్మ కంచానికి కూడా నెయిల్‌పాలిష్ గీత ఉంది. బావ పూర్తిగా బాగుపడలేదు. వాడి లివరు చాలా దూరం వెళ్ళిపోయింది. కానీ కెమెరా పరీక్ష రోజున పిలవకముందే వెళ్ళి వరసలో నిలబడతాడు. కాళ్ళ ఉబ్బు తగ్గింది, చెంపలు కాస్త నిండాయి.

ఆదివారం పొద్దున్న మేమిద్దరం కలకత్తా మైదానంలో కలుస్తాం. రేసుకోర్సు వైపునుంచి మంచు లేస్తుంటే నడుస్తాం. బావ తొందరగా అలిసిపోతాడు. ఏదో ఒక బెంచీ మీద కూలబడి, సత్యవతి పొట్లం తెచ్చే రోజుల్లో చాపినట్టే నా ముందు అరచెయ్యి చాపుతాడు.

"ఏటి బావా, మాత్ర తెచ్చావా?"

"తెచ్చాను" అంటాను. ఆ చేతిలో నా చెయ్యి పెట్టి, గట్టిగా పట్టుకుని పైకి లాగుతాను.

తిట్టుకుంటూ లేస్తాడు. లేచాక మాత్రం, నాకంటే ఒక అడుగు ముందే నడుస్తాడు.